ఆనెకాయ: ఒక చిన్న బాధయొక్క పెద్ద చరిత్ర

మన దేశమున పాదములకు జరుగునంతటి పూజ మఱి యే యవయవమునకును జరుగదు. పెద్దల పాదములకు మ్రొక్కుదుము. అతిథి గుమ్మమున నిలిచినతోడనే కాళ్ళకు నీళ్ళిత్తుము. పెండ్లిపందిటిలో అల్లుని కాళ్ళు కడుగుదుము. కవులు పాదములను పద్మములనిరి, పల్లవములనిరి. ఇంత గౌరవము చేయు మనమే ఆ పాదమునకు బాధ కలిగినపుడు వంగి దానివంక చూడము. కంటిలో నలుసు పడినచో ఇంటిల్లిపాదియు లేచును. పంటిపోటు వచ్చినచో వైద్యునికొఱకు పరుగెత్తుదుము. అరికాలిలో ఆనె కాచిన యిల్లాలు మాత్రము మడమమీదనో వ్రేళ్ళమీదనో బరువు మోపి, వంటయింటికిని నూతికిని నడుమ నూరుమారులు కుంటుచు తిరిగి, ‘‘కాలిలో ఏదో యున్నది, అదే పోవును’’ అని యూరకుండును.

అది అదే పోదు. పోవకపోవుటకు కారణము కలదు. ఆ కారణమును లోకము గుర్తించుటకు వేయేండ్లకు మించిన కాలము పట్టినది. ఆ కథను మా పాఠకుల యెదుట నుంచుట ఈ వ్యాసమున మా యుద్దేశము. ఇంత చిన్న విషయమునకు చరిత్ర యెందులకని కొందఱు నవ్వవచ్చును. రాజుల యుద్ధములు మన యింటికి ఎప్పుడో గాని రావు. ఆనెకాయ ప్రతి యింటికిని వచ్చును. పైగా మధుమేహము ఇంటింట వ్యాపించిన యీ దినములలో ఈ చిన్న కాయను గూర్చిన యజ్ఞానము కాలినే పోగొట్టుచున్నది.

ముందుగా ఆనె యననేమో తెలిసికొందము. మన చర్మముయొక్క పైపొర జీవము లేని కణములతో నేర్పడినది. గోళ్ళును, కొమ్ములును ఏ పదార్థముతో నగుచున్నవో అట్టి పదార్థమే ఆ కణములయందును కలదు. క్రిందినుండి క్రొత్త కణములు పుట్టి పైకి వచ్చుచు, పైవి రాలిపోవుచు, సుమారు నాలుగు వారములలో ఆ పొర మాఱుచుండును. ఒకేచోట మాటిమాటికి ఒరపిడియు ఒత్తిడియు కలిగినచో, చర్మము తన్ను రక్షించుకొనుటకై ఆ చోట కణములను త్వరత్వరగా పుట్టించి, వానిని రాలనీయక పేర్చుకొనును. రోకలి పట్టిన యరచేతికి కాయలు కాచుట ఇట్టిదే. కటికనేలపై బాసిపట్లు వేసికొని కూర్చుండువారికి చీలమండ వెలుపలి ప్రక్క నల్లని కాయ కట్టుటయు ఇట్టిదే. వెడల్పుగా పరచుకొని యుండు నట్టి కాయ సామాన్యముగా బాధింపదు.

ఒత్తిడి వెడల్పుగా గాక ఒక్క బిందువుమీద పడినపుడు మాత్రము కథ వేఱు. అపుడు ఆ గట్టిపొర లోపలికి మొనదేలి, కందెన లేని ఇరుసువలె, అడుగు వేసినపుడెల్ల క్రింది నరముల కొనలను నొక్కును. ఇదియే ఆనె. ఇది రెండు విధములు. వ్రేళ్ళ పైభాగమునను, చిటికెనవ్రేలి వెలుపలి ప్రక్కనను, అరికాలి ముందుభాగమునను గట్టిగా నుండునది యొకటి. వ్రేళ్ళ సందున, ముఖ్యముగా చిటికెనవ్రేలికిని దాని ప్రక్క వ్రేలికిని నడుమ, చెమటచే నాని తెల్లగా మెత్తగా నుండునది రెండవది. అరికాలి పులిపిరిని చూచి ఆనె యని భ్రమపడువారు పెక్కుండ్రు. పులిపిరి సూక్ష్మజీవివలన వచ్చును. ఒకరినుండి యొకరికి అంటును. దానిపై చర్మపు రేఖలు తెగిపోవును. నల్లని చిన్న చుక్కలు కనబడును. రెండు ప్రక్కలనుండి పిండినచో నొప్పి కలుగును. ఆనెపై రేఖలు సాగియుండును; తిన్నగా నొక్కినపుడు నొప్పి హెచ్చు. ఆనె యొకరినుండి యొకరికి అంటదు.

ఈ ఆనెకు లోకమున గల పేరులు చూడదగినవి. జర్మనులు దీనిని ‘కోడికన్ను’ అందురు. చీనావారును కోడికన్నే యందురు. జపానువారు ‘చేపకన్ను’ అందురు. ఇంగ్లీషువారి ‘కార్ను’ అను మాట కొమ్ము అను నర్థముగల లాటిను మాటనుండి వచ్చినది. హిందీవారు దీనిని ‘గోఖరూ’ అందురు. అది పల్లేరుకాయ పేరు. మన భాషయు దీనిని కాయలలోనే చేర్చినది. పేరులు పెట్టిన జనులందఱును నడుమ చుక్కగల గుండ్రని రూపమునో, గట్టిదనమునో, గ్రుచ్చు గుణమునో చూచిరి. చూచినది నిజమే. అయితే పేరు పెట్టినంతమాత్రమున కారణము తెలియదు. ఒకప్పుడు పేరే కారణమును మఱుగుపఱచును. ఈ చరిత్రలో నట్లే జరిగినది.

మన వైద్యగ్రంథములలో సుశ్రుతసంహిత దీనిని ‘కదరము’ అను పేర పేర్కొన్నది. ఆ గ్రంథము క్రీస్తుశకారంభమునకు అటునిటుగా కొన్ని శతాబ్దములలో నేటి రూపమును పొందినదని పండితుల యభిప్రాయము. అందు క్షుద్రరోగములని 44 చెప్పబడినవి. క్షుద్రమనగా నీచమని కాదు, చిన్నదని యర్థము. అరికాలి పగుళ్ళకు ‘పాదదారి’ యని పేరిడి దానినిగూడ ఆ పట్టికయందే చేర్చిరి. గులకరాళ్ళచే నలిగిన పాదమునందును, ముండ్లు మొదలగువానిచే గాయపడిన పాదమునందును, మేకు నాటినట్టి గట్టి ముడి, రేగుపండంత పరిమాణము గలది, నొప్పితో గూడినది పుట్టుననియు, అదియే కదరమనియు ఆ గ్రంథము చెప్పుచున్నది. తరువాత 7వ, 8వ శతాబ్దముల కాలమున వెలసిన మాధవనిదానమును ఇంచుమించు ఈ లక్షణములనే చెప్పినది.

సుశ్రుతుని దృష్టి యెంత సూక్ష్మమో పాఠకులు గమనింపవలెను. రోగము దేవతాకోపమువలన వచ్చెననలేదు. నేలవైపు వ్రేలు చూపెను. వట్టికాళ్ళతో రాతిబాటల నడచు దేశమున రాయియు ముల్లునే మొదటి కారణములుగా చెప్పెను. చికిత్సయో, ఆ ముడిని శస్త్రముతో తీసివేసి, ఆ చోటును కాగిన నూనెతోగాని నిప్పుతోగాని కాల్చవలెనని చెప్పబడినది. మత్తుమందు లేని ఆ కాలమున అది యెంత బాధాకరమో యూహింపవచ్చును. కాల్చుటవలన రక్తము నిలుచును, చీముపట్టుట కొంత తగ్గును; ఆ కాలమునకది బుద్ధిపూర్వకమైన పనియే. అయితే ఆ పాదము మరల ఆ రాళ్ళమీదికే పోవును గదా!

పడమట రోముదేశమున క్రీస్తుశకము మొదటి శతాబ్దమున సెల్ససు అను నాతడు వైద్యమును గూర్చి యొక మహాగ్రంథము వ్రాసెను. ఆతడును ఆనెకు ‘మేకు’ అను నర్థముగల ‘క్లావసు’ అను పేరే వాడెను. మన గ్రంథమునందును మేకు పోలికయే యుండుట ఆశ్చర్యము. అది ముఖ్యముగా పాదములయందు నలుగుటవలన పుట్టుననియు, నడచునపుడు నొప్పించుననియు సెల్ససు చెప్పెను. ఆతని చికిత్స సుశ్రుతునికంటె మృదువు: అప్పుడప్పుడు పైపైన గీకుచుండుట మేలనెను, పిమ్మట తిరుగటిరాతి పొడి కొంచెము కలిపిన గుగ్గిలమువంటి జిగటను పట్టించవచ్చుననెను. నేటి పాదవైద్యులును పైపొరను పలుచపఱచుటతోనే చికిత్స నారంభింతురు. కావున సెల్ససు మాట పందొమ్మిది శతాబ్దములు నిలిచిన దనవలెను.

ఇంతవరకు బాగుగనే యున్నది. ఇద్దఱు మహావైద్యులును కారణమును దాదాపు చెప్పిరి. అయినను వారి వెనుక వచ్చిన లోకము వారు చెప్పిన కారణమును విడిచి, వారి పోలికను పట్టుకొన్నది. మేకైనచో దానికి మొన యుండవలెను. మొన యున్నచో దానిని పెల్లగింపవలెను. పెల్లగించిన మరల వచ్చుచున్నదన్నచో లోపల వేరు మిగిలియుండవలెను. ఈ తర్కమునుండి ‘ఆనెవేరు’ అను భ్రమ పుట్టినది. నేటికిని మన యూళ్ళలో ‘వేరుతో తీయించుకొనవలెను’ అను మాట వినబడుచున్నది. ఆనెకు వేరు లేదు. అది క్రిందనుండి మొలచిన చెట్టు కాదు, పైనుండి పడిన భారమునకు చర్మము చెప్పిన బదులు. భారము తొలగక కాయను మాత్రము తీసినచో, చర్మము తన ధర్మము తాను మరల నెఱవేర్చును. వేరు మిగిలినదని రోగి మరల కత్తి క్రిందికి కాలు చాపును. ఇట్లు వేయి సంవత్సరములు గడచెను.

ఆ వేయేండ్లును పాదములు వైద్యుల చేతులలో గాక మంగలివారి చేతులలో నుండెను. ఐరోపాలో పెద్ద చదువుల వైద్యులు నాడి చూచుటయే గాని పాదము పట్టుట తమ గౌరవమునకు తక్కువ యని తలచిరి. మన దేశమునను గోరుగల్లు పట్టిన మంగలియే గోళ్ళు తీయుచు ఆనెలు గీకెను. కురుపు కోయుటకును ఊరివారికి ఆతడే దిక్కు. ఆతనిచేత ఉపకారము పొందిన సంఘము ఆతనికి గౌరవ మీయలేదు, విద్యయు నీయలేదు. చేతిపని యెఱిగినవానికి శాస్త్రము చెప్పకయు, శాస్త్ర మెఱిగినవాడు చేతిపని చేయకయు నుండుటవలన రెండును కుంటుపడినవి. మన దేశమున శస్త్రవిద్య క్షీణించుటకు ఇది యొక ముఖ్యకారణమని మా యభిప్రాయము.

ఐరోపాలో 18వ శతాబ్దమున మార్పు మొదలైనది. ఫ్రాన్సులో రాజాస్థానమునకు పాదచికిత్సకులు ఏర్పడిరి. వారిలో లాఫరెస్టు అనునాతడు పాదములను కాపాడు కళను గూర్చి 1781లో ఒక గ్రంథము ప్రకటించెను. నాలుగేండ్ల తరువాత, 1785లో, డేవిడ్ లో అను నాతడు ఇంగ్లీషున ‘చిరోపొడోలోజియా’ అను గ్రంథమును వెలువరించెను. అందు చాలభాగము లాఫరెస్టు సొత్తే యని తరువాతివారు కనుగొనిరి. సొత్తు ఎవరిదైనను ఆ గ్రంథమువలన వృత్తికొక పేరు ఏర్పడెను. గ్రీకు భాషయందలి చేయి, పాదము అను రెండు మాటలను కూర్చి ‘చిరోపొడిస్టు’ అను పదము పుట్టెను. అంతవరకు ‘ఆనెలు కోయువాడు’ అని చులకనగా పిలువబడినవాడు శాస్త్రనామము ధరించెను.

అసలైన మలుపు మాత్రము ఆనెలు కోయువారినుండి రాలేదు. ఎముకలు పరీక్షించు నొక శాస్త్రజ్ఞునినుండి వచ్చెను. హాలెండు దేశపు శరీరశాస్త్రజ్ఞుడు పీటరు కాంపరు 1781లో చెప్పులలో శ్రేష్ఠమైనది యేది యను విషయమున ఒక చిన్న వ్యాసము వ్రాసెను. ఎంత యల్పవిషయమైనను శ్రద్ధగా విచారించినచో ఉపయోగకరమగునని తన శిష్యులకు చూపుటకే ఆతడు వేడుకగా దీనిని మొదలిడెను. గుఱ్ఱముల కాళ్ళకును ఎద్దుల కాళ్ళకును ఇంత శ్రద్ధ చూపు మనుష్యులు తమ కాళ్ళను మాత్రము చిన్ననాటినుండి చెప్పులలో బిగించి వంకరచేసికొనుచున్నారని యాతడు వాపోయెను. ఇచట తొలిసారిగా ప్రశ్న మాఱినది. ‘కాయను తీయుట యెట్లు?’ అనుదానికి మాఱుగా ‘కాయ ఏల కాచినది?’ అని లోకము అడుగ నారంభించెను.

ఆ ప్రశ్న యెంత యవసరమో తెలియుటకు ఆ నాటి పాదరక్షలను తలచికొనవలెను. ఎత్తుమడమల వాడుక వచ్చినప్పటినుండి ఐరోపాలో రెండు శతాబ్దములపాటు బూట్సు కుడి యెడమల భేదము లేక కుట్టబడుచుండెను. 19వ శతాబ్దారంభమున గాని ఆ భేదము మరల వాడుకలోనికి రాలేదు. వచ్చినను మొన సన్నముగా నుండుటయే యందమని తలచిరి. పాదమునందు 26 ఎముకలు కలవు. ముందుభాగము విసనకఱ్ఱవలె విచ్చుకొనుట దాని స్వభావము. దానిని త్రికోణపు సంచిలో దోపినచో వ్రేళ్ళు ఒకదానిపై నొకటి ఎక్కును, కణుపులు పైకి లేచును, లేచిన ప్రతి కణుపుపైనను తోలు ఒరయును. అంతకంటె ఆనెకు కావలసినదేమి? జూరిక్ నగరపు శరీరశాస్త్రజ్ఞుడు హెర్మాన్ మేయరు 1858లో ఈ విషయమునే చిత్రములతో నిరూపించెను. పాదపు బొటనవ్రేలి నడిగీత వెనుకకు సాగినచో మడమ నడుమకు పోవలెననియు, చెప్పు ఆ గీతననుసరింపవలెననియు ఆతడు సిద్ధాంతము చేసెను. ఆతని గ్రంథము 1860లో ఇంగ్లీషుభాషకెక్కెను.

ఈ నడుమ చిరోపొడిస్టులును ఎదిగిరి. విక్టోరియా రాణిగారి పాదవైద్యుడు లూయీ డర్లాకరు 1845లో ఆనెలను గూర్చియు, గోళ్ళ జబ్బులను గూర్చియు పెద్ద గ్రంథము వ్రాసెను. అమెరికాలో ఇసాకరు జకరీ అను పాదచికిత్సకుడు 1862లో అబ్రహాము లింకను పాదములకు చికిత్సచేసి, ఆయనచేత స్వహస్తముతో మెప్పుపత్రమును పొందెను. ఆ పత్రము సెప్టెంబరు నెలలోనిది. ఆ నెల 22వ తేదీననే లింకను దాస్యవిమోచనమును గూర్చిన తొలి ప్రకటన గావించెను. లక్షలాది బానిసల సంకెళ్ళు తెంచ బూనిన మహాపురుషుడును తన కాలి ఆనెకు బందీయై యుండెననుట తలచినచో ఈ బాధ సామాన్యమైనది కాదని తోచును. 1895లో న్యూయార్కున పాదవైద్యుల సంఘమేర్పడెను. 1913లో లండనులో పేదలకొఱకు పాదవైద్యశాల వెలసెను. అంతవరకు రాణులకును అధ్యక్షులకును దొరకిన సేవ ఆ దినమున కూలివానికిని కొంత దొరకెను.

మందుల కథయు ఈ కాలముననే మాఱినది. విల్లో చెట్టు బెరడు సంబంధమున లభించిన సాలిసిలికామ్లమును జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు కోల్బే చవుకగా తయారుచేయు మార్గము కనుగొనెను. 1874లో డ్రెస్డెన్ ప్రాంతమున దానికి కర్మాగార మేర్పడెను. హాంబర్గు నగరపు చర్మవైద్యుడు ఉన్నా ఆ యామ్లము చర్మపు గట్టిపొరపై నెట్లు పనిచేయునో పరిశోధించెను. అది మాంసమును కాల్చు మందు కాదు. గట్టికణములను ఒకదానితో నొకటి కూర్చియుంచు బంధములను సడలించి పొరను మెత్తబఱచును. నేడు మందులంగళ్ళలో దొరకు ఆనెల ప్లాస్టరులలో నూటికి 40 పాళ్ళవరకు ఈ యామ్లముండును. మన యూళ్ళలో వాడు నల్లజీడి రసమును, జిల్లేడు పాలును ఇట్టివి కావు. జీడి రసము చుట్టునున్న మంచి చర్మమును బొబ్బలెక్కించి పుండుచేయును. జిల్లేడు పాలు పొరపాటున కంటికి తగిలినచో కన్నే చెడవచ్చును. పూర్వులు వాడిరి గనుక నిరపాయమనుట యుక్తము కాదు.

సాలిసిలికామ్లమునకు గుణ మున్నదని చెప్పితిమి. దానికి హద్దును కలదు. అది కాయను కరగించును గాని చెప్పును వెడల్పు చేయలేదు. అంగడివాడు సీసా అమ్మును, సీసా అయిపోవును, ఆనె మరల కాచును, మఱియొక సీసా అమ్ముడగును. వేరు తీసెదనన్న పాత మోసమునకును ఈ వర్తకమునకును పేరులోనే భేదమని కొన్నిచోట్ల తోచును.

పాదపు చిన్న గాయము ప్రాణము తీయుననుటకు చరిత్రలో నిదర్శనము కలదు. 1924లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జి కుమారుడు, పదునాఱేండ్ల బాలుడు, మేజోళ్ళు లేకుండ బూట్సు తొడిగి టెన్నిసు ఆడెను. కాలివ్రేలికి బొబ్బ లేచెను. అది చీముపట్టి, విషము రక్తమున కెక్కి, వారము దినములలో, జూలై 7వ తేదీన, ఆ బాలుడు మరణించెను. దేశమందలి గొప్ప వైద్యులందఱును ప్రక్కనే యుండిరి. చేతిలో మందు లేకపోయెను. రక్తవిషమున కెదురు నిలిచిన తొలి మందు 1935లో గాని ప్రకటింపబడలేదు. ఆనె గీకుకొన్న బ్లేడు చేసిన గాయమును ఇట్టిదే. నేడు మందులున్నవని ధైర్యము చెప్పుకొన్నను, చక్కెరవ్యాధి గలవారి పాదమున అవియు ఒకప్పుడు పనిచేయవు.

మన దేశమున ఈ కథకు మఱియొక ముఖము కలదు. సుశ్రుతుడు చెప్పిన రాళ్ళును ముండ్లును అందఱి పాదములకును ఒక్కతీరుగా తగులలేదు. లందలో తోలు నానవేసి, పదునుచేసి, ఊరికంతకు చెప్పులు కుట్టి యిచ్చినవాడు తాను చెప్పులు తొడిగి ఊరి వీధిలో నడువరాదని పెక్కు గ్రామములయందు కట్టుబాటుండెను. ఆతని స్త్రీలు ఎండలో కాలుచున్న బాటపై వట్టికాళ్ళతో నడచిరి. వారి కాళ్ళకు కాచిన కాయలు దేహధర్మమువలన కాచినవని చెప్పుటకు మాకు నోరు రాదు; అవి సంఘము కాయించినవి. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. చట్టము వ్రాసినంత వేగముగా వీధులు మాఱలేదు. పాదరక్ష ఆరోగ్యసాధనమని యొప్పుకొన్నవాడు, దానిని ఒకరికి నిషేధించుట రోగమును పంచిపెట్టుటయే యని గూడ ఒప్పుకొనవలెను.

ఈ చరిత్రయందలి గొప్ప పాఠము మన పొరుగుననే, చిత్తూరునకు దగ్గఱనున్న వేలూరున, తేలినది. పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి కుష్ఠురోగుల చేతులను పాదములను పరిశీలించెను. కుష్ఠరోగమే మాంసమును కుళ్ళబెట్టి వ్రేళ్ళు రాల్చునని అప్పటికి లోకుల నమ్మకము. ఆతడు కనుగొన్నది వేఱు. రోగము నరములను చంపును, నొప్పి తెలియదు. నొప్పి తెలియని పాదము ఒకేచోట వేలకొలది యడుగుల బరువును మోయును. మొదట అచట కాయ కట్టును; కాయ క్రింద రక్తము చిమ్మును; పిమ్మట పుండు పడును. నొప్పి యున్న మనకు కుంటుటవలన ఆ చోటు విశ్రాంతి పొందును. నొప్పి లేనివాడు కుంటడు. కుంటనందుననే కాలు పోగొట్టుకొనును. వేలూరునను, సమీపమున 1955లో వెలసిన కరిగిరి పరిశోధనాలయమునను, మెత్తని స్పంజివంటి రబ్బరు అట్టతో చెప్పులు చేయించి పెక్కుమంది పాదములను కాపాడిరి. చెప్పు కుట్టువాడు అచట వైద్యునికి సహచరుడయ్యెను. బ్రాండు 1966లో అమెరికాకు పోయి, ఈ విద్యనే మధుమేహరోగుల పాదములకు వినియోగించెను. ఏలయన మధుమేహమును నరములను మొద్దుబాఱించును.

ఇక గృహస్థులు చేయవలసినది కొంచెముగా చెప్పెదము. మొదట చెప్పును పరీక్షింపుడు. ఒక కాగితముపై నిలువబడి, పెన్సిలుతో పాదము చుట్టును గీత గీయుడు. ఆ బొమ్మపై మీ చెప్పునుగాని బూటునుగాని నిలుపుడు. పాదపు గీత వెలుపలికి కనబడినచో ఆనెకు కారణము అదియే. పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బును గనుక క్రొత్త జోడు సాయంకాలమున కొనుట మేలు. బడికిపోవు పిల్లల బూట్సు కొన్ని నెలలకొకసారి చూడవలెను. నిరుటి జోడు చినుగలేదని ఈ యేడును తొడిగించుట పొదుపు కాదు.

తరువాత, గోరువెచ్చని నీటిలో పది నిమిషములు పాదము నానబెట్టి, కాళ్ళు రుద్దుకొను గరుకురాతితో కాయను పైపైన మెల్లగా రుద్ది, తుడిచి, కొబ్బరినూనె రాయవలెను. ఒక్కదినముననే అంతయు తీయబూనరాదు. వ్రేళ్ళ సందు ఆనెకు తడి శత్రువు. ఆ సందును పొడిగా తుడిచి, వ్రేళ్ళ నడుమ కొంచెము ప్రత్తి నుంచవలెను. ప్లాస్టరు వాడువారు అది మంచి చర్మమునకు తగులకుండ చూచుకొనవలెను. బ్లేడు, కత్తెర, చాకు ఎన్నడును వలదు. ఇన్ని చేసినను మరల మరల కాచినచో ఎముక పొడుచుకొని యుండవచ్చును, వ్రేలు వంగియుండవచ్చును, వైద్యునికి చూపవలెను.

మధుమేహము గలవారికిని, పాదములు తిమ్మిరెక్కువారికిని, కాళ్ళకు రక్తప్రసారము తక్కువైనవారికిని పై మాటలు చాలవు. వారు ఆనెల మందులు ముట్టరాదు, స్వయముగా గీకుకొనరాదు, వేడినీటిలో కాళ్ళు నానబెట్టరాదు, వేడి వారికి తెలియదు గనుక. ప్రతిదినమును అరికాలిని చూచుకొనవలెను; వంగలేనివారు అద్దము నేలపై నుంచి చూడవలెను, లేదా ఇంటివారిచే చూపించుకొనవలెను. కాయ నల్లబడినను, దానిక్రింద తడి కనబడినను ఆ దినముననే వైద్యశాలకు పోవలెను. మన యిండ్లలో అత్తగారి పాదములకు పసుపు రాయు కోడలు ఆ సమయముననే అరికాలిని ఒక్కసారి చూచెనేని, ఆ పండుగనాటి యాచారమే కాలిని నిలుపు వైద్యమగును.

ఆనె మేకు కాదు, చెట్టు కాదు, వేరుగల కాయ కాదు. పాదము తన యజమానికి పంపుకొన్న విన్నపము. పూర్వులు ఆ విన్నపము వ్రాసిన యాకును చింపిరి. వర్తకులు దానిని కరగించు మందు నమ్మిరి. సంఘము కొందఱి విన్నపమును వినక చెవులు మూసికొనెను. దానిని చదివి బదులు చెప్పుట మన వంతు. చదువుటకు పెద్దచదువు అక్కఱలేదు. ఈ దినమున దీపము పెట్టినపిమ్మట ఇంటిలోని పెద్దల పాదములను, పనిచేయు దాసి పాదములను గూడ, ఒక్కసారి వెలుతురున చూడుడు. పూజకంటె ఆ చూపే పాదములకు మిన్నయైన మర్యాద.